హర్గేసా ఉద్యోగం, రెండు వీసాలు: గుర్తింపు లేని దేశంలో నా అనుభవం

నేను మైక్రోబయాలజీ పాఠాలు చెబుతాను. మా ఆయన ఇథియోపియాలోని జిజిగాలో లెక్చరర్. ఆ దేశపు యూనివర్సిటీల్లో మన తెలుగువాళ్లు ఏళ్ల తరబడి పని చేస్తున్నారు కాబట్టి ఆయన ఉద్యోగం గురించి చుట్టాలెవరూ పెద్దగా అడగలేదు. హర్గేసాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పేసరికి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. "సోమాలియాకా? బాంబులు పేలే చోటికా?" అని మా అమ్మ ఏడ్చినంత పని చేసింది.

సోమాలియా కాదమ్మా, సోమాలిలాండ్ అంటే ఆమెకు ఊరట కలగలేదు. ఆమెను అనడానికీ లేదు. ప్రపంచంలో చాలా కంప్యూటర్లకు కూడా ఆ తేడా తెలియదు. 1991లో సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న ఆ ఉత్తర భాగానికి హర్గేసా రాజధాని. అక్కడ వేరే జెండా, వేరే కరెన్సీ, వేరే సైన్యం, ఓట్లేసి ఎన్నుకున్న వేరే అధ్యక్షుడు ఉన్నారు. అయినా నేను బయల్దేరిన 2023లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఒక్కటి కూడా దాన్ని దేశంగా గుర్తించలేదు. అలాంటి చోటికి ఉద్యోగానికి వెళ్లాలంటే కాగితాలు ఎలా నడుస్తాయో వెళ్తే గానీ తెలియదు. అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదటి చిక్కు హైదరాబాద్‌లోనే వచ్చింది. విదేశాల్లో చదువు చెప్పాలంటే డిగ్రీలకు అటెస్టేషన్ కావాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత ఢిల్లీలో మన విదేశాంగ శాఖ, ఆఖరున వెళ్లే దేశపు ఎంబసీ. సోమాలిలాండ్‌కు ఢిల్లీలో ఎంబసీ లేదు. సోమాలియాకు ఉంది. "అక్కడే స్టాంపు వేయించేద్దాం మేడం, ఏముంది" అన్నాడు ఏజెంటు. హర్గేసాకు ఫోన్ చేసి అడిగాను. అవతల రిజిస్ట్రార్ గారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలా మర్యాదగా, "ఆ స్టాంపు లేకుండా పంపండి. మీ విదేశాంగ శాఖ ముద్ర మాకు చాలు" అన్నారు. పోలీస్ క్లియరెన్స్ కోసం నింపిన ఆన్‌లైన్ ఫారంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు. దేశాల జాబితాలో ఉన్నది సోమాలియా ఒక్కటే. అదే ఎంచుకుని, ఊరి పేరు దగ్గర హర్గేసా అని రాశాను. ఇన్సూరెన్స్ వాళ్లు సోమాలియా అన్న మాట చూడగానే యుద్ధ ప్రాంతం అని పాలసీ ఇవ్వలేదు. హర్గేసాలో అప్పటికి ఏళ్లుగా పెద్ద ఉగ్రదాడి జరగలేదని చెప్పినా వినలేదు.

వీసా అడిస్ అబాబాలో తీసుకున్నాను. అక్కడ సోమాలిలాండ్ కార్యాలయం ఉంది. బయట బోర్డు, లోపల జెండా, అధ్యక్షుడి ఫోటో, డాలర్లలో ఫీజు, అన్నీ ఎంబసీలాగే. ఇథియోపియా అధికారికంగా గుర్తించకపోయినా ఆ పాస్‌పోర్టును ఒప్పుకుంటుంది, విమానాలు నడుపుతుంది, హర్గేసాలో తన కార్యాలయం నడుపుతుంది. పని జరగాల్సిన చోట పని జరుగుతుంది. రాతలో మాత్రం ఆ దేశం ఉండదు.

విమానం ఉన్నా నేను రోడ్డు మీదే వెళ్లాను. జిజిగా నుంచి సరిహద్దు ఊరు తోగ్ వజాలే దగ్గరే, అక్కణ్ణుంచి గబీలే మీదుగా హర్గేసా. ఇథియోపియా ఈ-వీసా ఉన్నవాళ్లు ఆ దేశంలోకి అడిస్ విమానాశ్రయం నుంచే రావాలి, రోడ్డు మీద తిరిగి రావడానికి అప్పట్లో అది పనికొచ్చేది కాదు. నాకు మా ఆయన మీద డిపెండెంట్‌గా రెసిడెన్స్ కార్డు ఉంది కాబట్టి రోడ్డు దారి కుదిరింది. ఇటు ఎగ్జిట్ స్టాంపు వేయించుకుని సామాను పట్టుకుని నడిస్తే అటు ఇమిగ్రేషన్ గది. అధికారి పాస్‌పోర్టు తిరగేసి, "ఇండియానా? మా అక్క కొడుకు హైదరాబాద్‌లోనే చదివాడు, వలాల్" అన్నాడు. తోబుట్టువు అన్నట్టుగా అక్కడ అందరినీ అలాగే పిలుస్తారు. టోలీచౌకీలో సోమాలీ విద్యార్థులు, వైద్యానికి వచ్చిన కుటుంబాలు ఎంతమంది ఉంటారో హైదరాబాద్ వాళ్లకు తెలిసిందే. ఎప్పుడూ నేనే వాళ్లను పరాయి దేశం వాళ్లుగా చూశాను. ఆ రోజు అటువైపు నిలబడింది నేను. తల మీద చున్నీ సర్దుకుంటూ ఏమంటారో అని టెన్షన్ పడుతుంటే, ఆయన టీ తెప్పించాడు.

హర్గేసాలో నేను అద్దెకు దిగిన ఇంటి యజమానురాలికి అరవై దాటాయి. అమ్మా అన్నట్టు హోయో అని పిలిచేదాన్ని. ఈ దేశం కథ నాకు చాలావరకు ఆమె వంటింట్లోనే తెలిసింది. పొద్దున్నే మన దోశలా పెనం మీద లహోహ్ పోసి, తేనె, టీ పక్కన పెట్టి మాట్లాడేది.

బ్రిటిష్ సోమాలిలాండ్‌కు 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వచ్చింది. అయిదు రోజులు తిరక్కుండానే, జూలై 1న, ఇటలీ పాలనలో ఉన్న దక్షిణ భాగంతో కలిసిపోయింది. సోమాలీలందరూ ఒకే జెండా కిందికి రావాలన్న ఆశ అది. ఆ నీలి జెండా మీది నక్షత్రానికి అయిదు కొనలు, సోమాలీలు ఉన్న అయిదు ప్రాంతాలకు గుర్తు. రాజధాని మొగదిషుకు పోయింది, ప్రధాన పదవులూ అటే పోయాయి. 1961లో రాజ్యాంగం మీద రెఫరెండం పెడితే ఉత్తరాన చాలామంది ఓటే వేయలేదు. వేసినవాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు. అదే ఏడు డిసెంబర్‌లో ఉత్తరాది యువ సైనికాధికారులు తిరగబడి విఫలమయ్యారు. 1969లో సియాద్ బారె సైనిక పాలన మొదలైంది. ఉత్తరాన ఎక్కువగా ఉండే ఇసాక్ తెగ మీద అణచివేత పెరిగింది. 1981లో లండన్‌లో సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్ అనే తిరుగుబాటుదళం పుట్టింది.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. హోయో చెప్పింది 1988 గురించి. ఆ మే నెలాఖరులో ఆ తిరుగుబాటుదళం బురావ్, హర్గేసాల్లోకి వచ్చింది. బారె ప్రభుత్వం సొంత ఊరి మీదే విమానాలతో బాంబులు వేయించింది. ఆ విమానాలు లేచింది హర్గేసా విమానాశ్రయం నుంచే. ఊళ్లోనే లేచి, ఊరి మీదే వేసి, మళ్లీ ఊళ్లోనే దిగేవి. "పైకి లేచే చప్పుడు వినపడగానే లెక్కపెట్టుకునేవాళ్లం, ఎంతసేపట్లో మా మీదికొస్తుందో" అంది ఆమె. ఊరు దాదాపుగా నేలమట్టమైంది. చనిపోయినవాళ్లు యాభై వేలకు తక్కువ ఉండరని చాలా అంచనాలు చెబుతాయి. లక్షల మంది ఇథియోపియాలోకి నడిచి వెళ్లారు. హోయో పసిబిడ్డను ఎత్తుకుని రాత్రిళ్లు నడిచి, పగలు ముళ్లపొదల్లో దాక్కుని హర్తషేక్ శిబిరం చేరింది. ఆ హర్తషేక్ మా ఆయన పని చేసే జిజిగాకు దగ్గరే. అప్పటికి ఆ పేరున్న బోర్డు దాటుకుంటూ ఎన్నోసార్లు వెళ్లాను, అదేమిటో తెలియకుండా.

ఊరి మధ్యలో కూల్చిన మిగ్ విమానాన్ని ఎత్తైన దిమ్మె మీద పెట్టారు. ఊళ్లోని మల్కో దుర్దురోలో సామూహిక సమాధులు బయటపడ్డాయి. 1991 జనవరిలో బారె పారిపోయాక, మే 18న బురావ్‌లో తెగల పెద్దలు కూర్చుని 1960 నాటి కలయికను రద్దు చేసుకున్నామని ప్రకటించారు. 1993లో బొరామాలో నెలల తరబడి మాట్లాడుకుని ప్రభుత్వం నిలబెట్టుకున్నారు. పెద్దల సభ గూర్తీని పార్లమెంటులో భాగం చేసుకున్నారు. పెద్దగా బయటి సొమ్ము, బయటి సైన్యం లేకుండా ఈ పని చేసుకున్నారన్నది నన్ను బాగా కదిలించింది. ముప్పై ఏళ్లకు పైగా సదస్సుల మీద సదస్సులు, శాంతిదళాలు చూసిన మొగదిషుకు ఇంకా పూర్తి శాంతి దొరకలేదు.

మా స్టూడెంట్లు నన్ను రెండు తెలుగు రాష్ట్రాల గురించి అడిగేవాళ్లు. మాది ఖమ్మం జిల్లా. 1956లో కలవడం, 2014లో విడిపోవడం వాళ్లకు చెబితే కళ్లు మెరిసేవి, "టీచర్, మా కథే" అనేవాళ్లు. కాదని నచ్చజెప్పేదాన్ని. మాది ఒక దేశం లోపల పార్లమెంటు చేసిన చట్టంతో అయింది. మా ఊళ్ల మీద విమానాలు బాంబులు వేయలేదు. విడిపోయిన మర్నాడు మా పాస్‌పోర్టు మారలేదు.

పాస్‌పోర్టు సంగతి అక్కడ రోజూ వినబడుతుంది. సోమాలిలాండ్ పాస్‌పోర్టును ఒప్పుకునే దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా కాలేజీ కుర్రాడికి బయట స్కాలర్‌షిప్ వస్తే, సోమాలియా పాస్‌పోర్టు తీసుకోవడమా, సీటు వదులుకోవడమా అని ఇంట్లో వారం రోజులు గొడవ. వాళ్ల తాత తిరుగుబాటుదళంలో పోరాడి కాలు పోగొట్టుకున్న మనిషి. చివరికి ఆ తాతే వెళ్లమన్నాడు.

నా వర్క్ పర్మిట్ అంత కష్టం కాలేదు. యూనివర్సిటీ ఉత్తరం, కాంట్రాక్టు, డిగ్రీలు, ఫోటోలు పట్టుకుని కార్మిక శాఖలో ఇస్తే పర్మిట్ వచ్చింది. దాంతో ఇమిగ్రేషన్‌లో రెసిడెన్స్ కార్డు. ఏటా రెన్యువల్. డబ్బు దగ్గరే అసలు ఇబ్బంది. జీతం డాలర్లలో, ఫోన్‌లోని జాద్‌లోకి వస్తుంది. 2009లో మొదలైన ఈ మొబైల్ డబ్బు లేకపోతే హర్గేసాలో పూట గడవదు. కూరగాయల బండి దగ్గర, టాక్సీలో, మసీదు చందాకు కూడా నంబరు కొట్టి పంపేయడమే. సొంత షిల్లింగులు 1994 నుంచి ఉన్నాయి గానీ ఒక్క డాలరుకు వేలల్లో వస్తాయి. వీధిలో మారకం వ్యాపారులు నోట్ల కట్టలను ఇటుకల్లా పేర్చుకుని కూర్చుంటారు. బ్రిటిష్ వాళ్ల కాలంలో చాలా ఏళ్లు అక్కడ చెల్లింది మన రూపాయే. మొదట్లో ఆ ప్రాంతాన్ని బ్రిటిష్ ఇండియా నుంచే పాలించారు కూడా.

ఊళ్లో ఇంత సులువుగా నడిచే డబ్బు, సరిహద్దు దాటితే ఆగిపోతుంది. అక్కడి బ్యాంకు నుంచి ఖమ్మంలోని నా ఖాతాకు నేరుగా పంపడం కుదరలేదు. మన బ్యాంకు మేనేజరు "సోమాలియా నుంచి డబ్బా మేడం, అకౌంట్ ఫ్రీజ్ అవుతుంది" అని బెదిరిపోయారు. చివరికి హవాలా కంపెనీ (అక్కడ అది బాహాటంగా డబ్బు పంపే వ్యాపారమే) ద్వారా దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడికి, వాడి దగ్గర్నుంచి ఇంటికి. ప్రతి మెట్టు దగ్గర కొంత ఖర్చు. విదేశాల్లోని సోమాలీలు పంపే డబ్బే ఆ దేశాన్ని నిలబెట్టింది. ఆ డబ్బు అందుకునే ప్రతి ఇంటికీ ఈ ఖర్చుల దెబ్బ తగులుతుంది.

నా సబ్జెక్టులోనే గుర్తింపు సమస్యను కళ్లారా చూసింది ఓడరేవు ఊరు బెర్బెరాలో. స్టూడెంట్లతో పశువుల క్వారంటైన్ కేంద్రానికి వెళ్లాం. అప్పటి నియమం ప్రకారం విదేశీయులు హర్గేసా దాటితే తుపాకీ పట్టిన పోలీసు గార్డు వెంట ఉండాలి కాబట్టి నా పక్క సీట్లో ఒకాయన కూర్చున్నారు. నల్లటి తలలున్న తెల్ల గొర్రెలు మందలు మందలుగా. హజ్ ముందు సౌదీకి వెళ్లే ఓడలు బెర్బెరా నుంచే బయల్దేరతాయి. దేశం ఎగుమతుల్లో చాలావరకు పశువులే. 2000లో పశువులకు సోకే రిఫ్ట్ వ్యాలీ ఫీవర్ అనే వైరస్ జబ్బు భయంతో సౌదీ కొనడం ఆపేసింది. ఆ నిషేధం 2009 దాకా పోలేదు. వ్యాధి వచ్చినప్పుడు ఏ దేశమైనా ఏం చేస్తుంది? పరీక్షలు చేసి, తన పశువైద్యుల సంతకంతో సర్టిఫికెట్ ఇచ్చి, అంతర్జాతీయ సంస్థలో వాదించుకుంటుంది. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థలో కుర్చీ సోమాలియాది. బెర్బెరా గొర్రె రక్తంలో వైరస్ లేదని బెర్బెరా డాక్టర్ చెబితే ఎవరు వినాలి? ఆ రోజు ల్యాబులో స్టూడెంట్లు ఎలైసా అనే రక్తపరీక్షల ఫలితాలు రాసుకుంటుంటే నాకు కోపం వచ్చింది. వైరస్‌కు జెండాతో పనిలేదు. కానీ పరీక్ష ఫలితానికి జెండా కావాలి.

2024 జనవరి 1న ఇథియోపియా ప్రధాని అబియ్ అహ్మద్, అప్పటి అధ్యక్షుడు మూసె బిహి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇథియోపియాకు సముద్రతీరం, తమకు గుర్తింపు అని హర్గేసా చెప్పింది. మొగదిషు మండిపడింది. నాకైతే సరిహద్దు మూసేస్తారేమో, మా ఆయన అటు, నేను ఇటు ఉండిపోతామేమో అని నిద్ర పట్టలేదు. అలాంటిదేం జరగలేదు. ఏడాది చివర్లో అంకారాలో ఇథియోపియా, సోమాలియా రాజీ పడటంతో ఆ ఆశ అక్కడే ఆగింది.

అదే ఏడు నవంబర్ 13న ఎన్నికలు. రెండేళ్లు వాయిదా పడి జరిగినవి. తెల్లవారకముందే హోయో నన్ను లేపి వెంట తీసుకెళ్లింది. ఆడవాళ్ల వరుస మగవాళ్ల వరుస కంటే పొడుగ్గా ఉంది. ఇంత ఓపిగ్గా నిలబడే ఆడవాళ్లలో ఒక్కరికి కూడా 2021లో పార్లమెంటు దిగువ సభలో సీటు రాలేదు. తెగ పెద్దలు మగవాడినే నిలబెడతారు. ఈ మాట నేను అక్కడి సహోద్యోగులతో గట్టిగానే అన్నాను, వాళ్లూ కాదనలేదు. ప్రతిపక్షం వదాని పార్టీ నుంచి అబ్దిరహ్మాన్ మొహమ్మద్ అబ్దుల్లాహి, అందరూ ఇర్రో అంటారు, దాదాపు 64 శాతం ఓట్లతో గెలిచారు. బిహి ఓటమిని ఒప్పుకుని కుర్చీ దిగిపోయారు. ఆ ప్రాంతంలో ఎన్ని దేశాల్లో ఇలా జరుగుతుందో ఆలోచించండి.

అయితే ఆ రోజు ఓటే పడని ఊళ్లు తూర్పున ఉన్నాయి. నా క్లాసులో లాస్ అనోద్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. ఓట్ల మర్నాడు అందరి వేళ్ల మీదా సిరా, ఆ అమ్మాయి వేలు మీద లేదు. అక్కడి దుల్బహంతె తెగవాళ్లలో చాలామందికి సోమాలిలాండ్ వద్దు, సోమాలియాతోనే ఉంటామంటారు. 2023 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా లాస్ అనోద్‌లో యుద్ధం జరిగింది, ఊరి మీద ఫిరంగి గుళ్లు పడ్డాయి, వేలాది కుటుంబాలు ఊరొదిలి పోయాయి. ఆగస్టులో సోమాలిలాండ్ సైన్యం వెనక్కి తగ్గింది. ఇప్పుడు అక్కడ మొగదిషుతో కలిసి నడిచే వేరే పాలన ఉంది. ఆ అమ్మాయి ఒకసారి ల్యాబులో గాజు పలకలు కడుగుతూ, "1988 గురించి అందరూ చెబుతారు టీచర్, మా ఇంటి మీద పడ్డదాని గురించి ఇక్కడ ఎవరూ అడగరు" అంది. హోయోకు ఈ మాట చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "అడగాలి" అంది.

సోమాలిలాండ్‌కు గుర్తింపు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. 2005లో ఆఫ్రికన్ యూనియన్ పంపిన బృందమే ఈ కేసు ప్రత్యేకమైనదని రాసింది. వలస పాలన వదిలిన సరిహద్దులే నిలవాలన్న ఆఫ్రికా సూత్రం ప్రకారం చూసినా 1960 గీత వాళ్ల పక్షానే ఉంది. కానీ ఆ గీత లోపలే ఉన్న లాస్ అనోద్ మనిషి వద్దంటే ఆ గీతను ఎలా పట్టుకోవాలి? తుపాకీతో కాదని మాత్రం నాకు తెలుసు. బొరామాలో ఒకప్పుడు చేసినట్టు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

2025 వేసవి సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ కాగితాల గొడవ. సెప్టెంబర్ 1 నుంచి మొగదిషు ఈ-వీసా తప్పనిసరి చేసింది, హర్గేసాతో సహా అన్ని విమానాశ్రయాలకూ. హర్గేసా దాన్ని ఒప్పుకోనంది. ఈసారి నేను విమానంలో వెళ్తున్నాను. కౌంటర్ దగ్గర అమ్మాయి ఈ-వీసా లేనిదే బోర్డింగ్ పాస్ ఇవ్వనంది. రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌లో ఉంది. అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి తీసుకున్నాను. హర్గేసాలో దిగాక అధికారి ఆ కాగితం కేసి చూడను కూడా చూడలేదు. "ఇది మాది కాదు" అని అరవై డాలర్లు కట్టించుకుని సొంత వీసా వేశాడు. రెండు ప్రభుత్వాల పంతానికి నడుమ జేబు ఖాళీ అయ్యేది ప్రయాణికుడికే. నవంబర్‌లో ఆ ఈ-వీసా వ్యవస్థలోంచి వేలమంది వివరాలు బయటికి పొక్కాయని అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించినప్పుడు, అందులో నా పాస్‌పోర్టు కూడా ఉందేమోనని ఇంకో దిగులు.

డిసెంబర్ 26న ఇజ్రాయెల్ సోమాలిలాండ్‌ను గుర్తించినట్టు ప్రకటించింది. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాల్లో అదే మొదటిది. రాత్రి వీధులన్నీ జెండాలే, కార్ల హారన్లు, ఆడవాళ్ల సంబరపు కేకలు. మొగదిషు, ఈజిప్ట్, టర్కీ, ఆఫ్రికన్ యూనియన్ తప్పుబట్టాయి. హోయో ఏడ్చింది, నవ్వింది. మా స్టాఫ్‌రూంలో మాత్రం అందరి ముఖాలూ ఒకలా లేవు. గాజా పిల్లల కోసం చందాలు వేసిన మనుషులు వాళ్లు. ముప్పై నాలుగేళ్లు ఎదురు చూసిన మాట ఆ నోటి నుంచి రావడం కొందరికి మింగుడు పడలేదు. "దాహంతో ఉన్నవాడు గిన్నె ఎవరిదని అడగడు" అని ఒకాయన, "నేను అడుగుతాను" అని ఇంకొకాయన. ఇద్దరూ పాత స్నేహితులు. ఆ వాదన తెగలేదు.

నా కాగితాల్లో దాంతో మారిందేమీ లేదు. భారత్ గుర్తించలేదు. ఫారాల్లో ఇంకా సోమాలియా అనే ఉంది. వెళ్లాలనుకునే మన లెక్చరర్లకు నేను చెప్పేది ఇంత. డిగ్రీలు మన విదేశాంగ శాఖ దాకా అటెస్ట్ చేయించుకుని, మిగతాది అక్కడి యూనివర్సిటీతో రాతపూర్వకంగా తేల్చుకోండి. విమానంలో వెళ్లేటట్టయితే టికెట్ కొనేముందే వీసా గురించి ఎయిర్‌లైన్‌నూ, హర్గేసానూ ఇద్దరినీ అడగండి. డాలర్లు కొత్త నోట్లుగా దగ్గర ఉంచుకోండి. ఇంటికి డబ్బు పంపే దారి కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే చూసుకోండి. తూర్పు జిల్లాల వైపు వెళ్లకండి. హర్గేసాలో మన కాన్సులేట్ లేదు, ఏ అవసరం వచ్చినా నైరోబీలోని మన హైకమిషన్‌నే సంప్రదించాలి. అక్కడ దిగగానే వాళ్ల దగ్గర పేరు నమోదు చేసుకోండి.